డాక్టర్ హూ కథల్లో గతాన్ని మార్చవచ్చా, మార్చకూడదా?

మీరు అడిగినదాంట్లో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి కనుక వాటిని ముందుగా విడదీసి చెబుతాను. పన్నెండేళ్ల మీ అమ్మాయితో కలిసి బ్రిటిష్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’లోని పాత కథ ‘ది అజ్టెక్స్’ చూశారు. అందులో నరబలిని ఆపబోయిన చరిత్ర ఉపాధ్యాయురాలిని, కాలంలో ప్రయాణించే కథానాయకుడు డాక్టర్ కోప్పడి వారించడం చూసి, ‘ఆపితే తప్పేముంది?’ అని మీ అమ్మాయి అడిగింది. ఇదే సీరియల్‌లోని మరికొన్ని కథల్లో గతం మారుతూనే ఉంటుంది కదా, దీనికొక నియమం ఉందా, లేక ఎవరికి తోచినట్టు వారు రాసుకుంటూ పోయారా అన్నది మీ సందేహం. మీ సందేహానికి జవాబు తేలికే. నియమం ఉంది, కానీ అది కథా విభాగం చేతులు మారినప్పుడల్లా మారింది. మీ అమ్మాయి ప్రశ్న అంతకంటే గట్టిది. ఆ ప్రశ్నకు కథలోని డాక్టర్ ఇచ్చే జవాబు కంటే కథ మొత్తం కలిసి ఇచ్చే జవాబు చాలా మెరుగైనదని నా అభిప్రాయం.

ఈ సీరియల్ ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆ నియమం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. బీబీసీ నాటక విభాగం అధిపతిగా వచ్చిన కెనడా దేశస్థుడు సిడ్నీ న్యూమన్, శనివారం సాయంత్రం ఆటల కార్యక్రమం ముగిశాక పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని చూడదగిన కార్యక్రమం ఒకటి కావాలనుకున్నాడు. దాని నిర్మాణ బాధ్యతను వెరిటీ లాంబర్ట్ అనే యువతికి అప్పగించారు. మొదటి కథకు దర్శకత్వం వహించిన వారిస్ హుస్సేన్ లక్నోలో పుట్టినవాడు. తొలి భాగం 1963 నవంబరు 23న ప్రసారమైంది. ముందు రోజే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు గురికావడంతో ఎవరి మనసూ దాని మీద నిలవలేదు, అందుచేత మరుసటి శనివారం ఆ భాగాన్ని మళ్లీ వేసి, దాని వెనుకే రెండోది చూపించారు. డాక్టర్‌తో, అతని మనవరాలు సూసన్‌తో కలిసి ప్రయాణించే ఇద్దరు పెద్దలూ బడి పంతుళ్లే కావడం కాకతాళీయం కాదు. ఇయాన్ సైన్సు చెప్పేవాడు, బార్బరా చరిత్ర చెప్పేది. ఒక కథ భవిష్యత్తుకో మరో గ్రహానికో వెళ్తే ఇంకొక కథ గతంలోకి వెళ్లి పిల్లలకు నాలుగు చరిత్ర విషయాలు చెప్పాలన్నది మొదటి ఉద్దేశం. చరిత్ర పాఠం చెప్పడానికి గతంలోకి తీసుకెళ్లి, అక్కడ ఆ చరిత్రనే తారుమారు చేసి చూపిస్తే పాఠం మిగలదు. మొదటి కథా సంపాదకుడు డేవిడ్ విటేకర్ హయాంలో గతం చెక్కుచెదరనిదిగా ఉండిపోవడానికి ఇదే ముఖ్య కారణం, భౌతికశాస్త్రంతో దానికి పెద్దగా సంబంధం లేదు.

‘ది అజ్టెక్స్’ 1964 మే 23 నుంచి జూన్ 13 వరకు నాలుగు వారాలు ప్రసారమైంది. రచయిత జాన్ లుకరొట్టి కొంతకాలం మెక్సికోలో నివసించినవాడు. మార్కో పోలో మీద ఏడు భాగాల కథ ఆయన అప్పటికే ఈ సీరియల్‌కు రాసి ఉన్నాడు. ఆ కథలో ధ్వని తప్ప దృశ్యం ఒక్క భాగానికీ నేటికి మిగలలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో టేపులు చెరిపి మళ్లీ వాడుకునేవారు. ‘ది అజ్టెక్స్’ నాలుగు భాగాలూ బతికి బయటపడటం మన అదృష్టం.

కథలో డాక్టర్ కాలనౌక టార్డిస్, స్పెయిన్ వాళ్లు రాకముందు మెక్సికోను ఏలిన అజ్టెక్‌ల నేల మీద, యెటాక్సా అనే ప్రధాన పూజారి సమాధిలో దిగుతుంది. సమాధిలోని కంకణం చేతికి తొడుక్కుని బార్బరా బయటకు రాగానే, అక్కడివారు ఆమెను ఆ పూజారి పునర్జన్మగా భావించి దేవతను చేసి కూర్చోబెడతారు. సమాధి తలుపు లోపలినుంచే తెరుచుకుంటుంది కనుక నలుగురూ బయట చిక్కుకుపోతారు. దేవత హోదా చేతికి వచ్చిన బార్బరాకు ఒక ఆలోచన తడుతుంది. ఈ ప్రజల్లో ఎంతో గొప్పతనం ఉంది, నరబలి ఒక్కటే వీరి మచ్చ, ఆ మచ్చను ఇప్పుడే తుడిచేస్తే రేపు స్పెయిన్ వాళ్లు వచ్చినప్పుడు ఈ నాగరికతను నాశనం చేయడానికి వారికి సాకు దొరకదు అన్నది ఆ ఆలోచన. డాక్టర్ ఒప్పుకోడు. చరిత్రలో ఒక్క వరుస కూడా తిరగరాయడం సాధ్యం కాదని, అది తనకు అనుభవం మీద తెలుసునని గద్దిస్తాడు. ఆ అనుభవం ఏమిటో మాత్రం చెప్పడు. పాత్రధారి విలియం హార్ట్‌నెల్ ఆ మాటను కోపంతో మొదలుపెట్టి దాదాపు బతిమాలుకోలుగా ముగించిన తీరు గమనించండి. చెప్పకుండా వదిలేసిన ఆ గతం గురించే అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

డాక్టర్ చెప్పినదాన్ని ఒక వాదనగా తీసుకుంటే అది బలహీనమైనదే. సాధ్యం కాదన్నాడే గానీ ఎందుకు కాదో చెప్పలేదు. నిజంగా అసాధ్యమైతే ఆపవలసిన అవసరమే లేదు కదా అని మీ అమ్మాయి వాదిస్తే నా దగ్గర బదులు లేదు. కానీ వాన కోసం జరిగే బలి సన్నివేశంలో కథ మరో సమాధానం ఇస్తుంది. బార్బరా దేవత హోదాలో ఆజ్ఞాపించి బలిని ఆపుతుంది. చావుకు సిద్ధపడి వచ్చిన ఆ యువకుడు సంతోషించడు, తనకు దక్కవలసిన గౌరవాన్ని లాగేసుకున్నారని కుంగిపోయి గుడి పైనుంచి దూకేస్తాడు. సరిగ్గా ఆ వెంటనే ఉరుములతో వాన మొదలవుతుంది. బలి పూజారి ట్లోటాక్సిల్‌కు అంతకంటే ఏం కావాలి? చావు రాగానే వాన వచ్చిందని, ఈ దేవత దొంగ దేవత అని అతడు నిశ్చయించుకుంటాడు, అక్కడినుంచి ఆమె గుట్టు బయటపెట్టడమే అతని పని అవుతుంది. అక్కడ బార్బరాకు అడ్డు తగిలింది కాలానికి సంబంధించిన ఏ సూత్రమూ కాదు. ఒక సమాజం తరతరాలుగా నమ్మినదాన్ని, ఆ నమ్మకం ఇచ్చిన అధికారాన్నే వాడుకుని, ఒక్క ఆజ్ఞతో తీసేయాలనుకోవడమే ఆమెను ఓడించింది. వారిలో ఒకరితోనైనా కూర్చుని మాట్లాడకముందే ఆమె తీర్పు చెప్పేసింది.

అయినా కథ ఆమెను మూర్ఖురాలిగా చూపించలేదు. జ్ఞాన పూజారి ఆట్లాక్ ఆమె మాటలు విని నిజంగానే ఆలోచనలో పడతాడు, నరబలి దేవతలకు అవసరమా అన్న సందేహం అతనికి కలుగుతుంది. చివరకు తన హోదాను, ఇంటిని వదులుకుని ఒంటరిగా అడవిదారి పడతాడు. మరోవైపు సూర్యగ్రహణం వేళ ట్లోటాక్సిల్ తన బలి తాను ఇచ్చేస్తాడు, గ్రహణం విడుస్తుంది, అతని నమ్మకం మరింత గట్టిపడుతుంది. దేన్నీ మార్చలేనప్పుడు కాలంలో తిరిగి లాభమేమిటని బార్బరా బాధపడితే, ఒక నాగరికతను కాపాడలేకపోయినా ఒక మనిషికి మేలు చేశావని డాక్టర్ ఓదారుస్తాడు. ఈ ఓదార్పును చాలామంది విమర్శకులు కథ సారాంశంగా చెబుతారు గానీ నేను బార్బరా పక్షమే. అన్నీ పోగొట్టుకుని వెళ్లిపోయిన ఆ ముసలాయనకు నిజంగా మేలు జరిగిందా అన్నది ఆమె ముఖంలో మిగిలిపోయిన సందేహం, దాన్ని తీర్చకుండా కథ ముగించడమే లుకరొట్టి పనితనం.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు ఇక్కడ ఇంకొక సంగతి కూడా చూడాలి. బార్బరా లెక్కే తప్పు కావచ్చు. హెర్నాన్ కోర్టెస్ 1519లో మెక్సికో తీరంలో దిగాడు, 1521 ఆగస్టు 13న అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్ పడిపోయింది. ఆ మధ్యలో 1520లో వ్యాపించిన మశూచి లెక్కలేనంత మందిని పొట్టనపెట్టుకుంది. అజ్టెక్‌లతో యుద్ధాల్లో బందీలను పోగొట్టుకుని విసిగిపోయిన ట్లాస్‌కాలా వంటి ఇరుగుపొరుగు రాజ్యాల సైన్యాలు వేల సంఖ్యలో స్పెయిన్ వారితో చేతులు కలిపాయి. నరబలి లేకపోతే ఆ పొరుగువారి పగ కొంత తగ్గి ఉండేదేమో, అంతవరకు ఆమె ఊహకు ఆధారం ఉంది. మశూచినీ, బంగారం మీది ఆశనూ మాత్రం ఏ దేవత ఆజ్ఞా ఆపేది కాదు. హంపీ శిథిలాల మధ్య నిలబడిన తెలుగువారికి ఈ ఊహ కొత్తది కాదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో జరగబోయేది రామరాయలకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎలా ఉండేదని అక్కడ అనుకోని వారు తక్కువ. ‘ఆదిత్య 369’ చూస్తూ పెరిగిన తరానికైతే ఆ చెప్పే మనిషి ఎలా వెళ్తాడో కూడా తెలుసు.

కథలోని తేలికైన భాగాల గురించి ఎక్కువ చెప్పను, చూసినవారికి గుర్తుండే ఉంటాయి. కమేకా అనే పెద్దావిడకు డాక్టర్ కోకో కలిపి ఇస్తాడు, అక్కడి ఆచారం ప్రకారం అది పెళ్లి ప్రతిపాదన అని ఆ తర్వాత గానీ అతనికి తెలియదు. సమాధి తలుపు తెరవడానికి చక్రం తిరిగే కప్పీ ఒకటి తయారుచేసుకుంటాడు. రవాణాకు చక్రం వాడని ప్రజల మధ్య కూర్చుని, చరిత్రను ముట్టుకోవద్దని చెప్పిన పెద్దమనిషే చక్రం చెక్కడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

ఇక మీ సందేహానికి వస్తాను. విటేకర్ తర్వాత కథా సంపాదకుడిగా వచ్చిన డెనిస్ స్పూనర్‌కు చరిత్ర అంటే అంత భయభక్తులు లేవు. 1965లో ప్రసారమైన ఆయన ‘ది రోమన్స్’ కథలో, డాక్టర్ కళ్లద్దాల గుండా పడిన ఎండ రోము నగర పటాన్ని కాల్చడం చూసి నీరో చక్రవర్తికి నగరాన్ని తగలబెట్టాలన్న ఆలోచన పుడుతుంది. అంటే కాలయాత్రికుల రాక కూడా చరిత్రలో భాగమే అయింది. అదే ఏడాది జులైలో వచ్చిన ‘ది టైమ్ మెడ్లర్’ మరో అడుగు ముందుకు వేసింది. డాక్టర్ జాతికే చెందిన ఒకడు సన్యాసి వేషంలో 1066 నాటి ఇంగ్లండుకు చేరి, వైకింగుల నౌకలను ముందే ధ్వంసం చేయాలని పథకం వేస్తాడు. వైకింగులతో పోరాడి అలిసిపోకపోతే హెరాల్డ్ రాజు, చరిత్రలో నార్మన్ల చేతిలో ఓడిపోయిన హేస్టింగ్స్ యుద్ధంలో గెలుస్తాడన్నది అతని లెక్క. మఠంలో వినిపించే భజన నిజానికి గ్రామఫోను రికార్డు అని బయటపడే చోట పిల్లలు తప్పక నవ్వుతారు. అసలు సంగతి ఏమిటంటే, అసాధ్యమని సుమారు ఏడాది కిందట గద్దించిన డాక్టరే ఇప్పుడు ఎవరో దాన్ని సాధ్యం చేస్తారేమోనని పరుగులు పెడతాడు. చరిత్రను మార్చవచ్చు, మార్చేవాణ్ణి ఆపడం మన పని అన్నది అక్కడినుంచి సీరియల్‌కు కొత్త సూత్రం అయింది. ఈ రెంటినీ అతికించడానికి అభిమానులు ఎన్నో సిద్ధాంతాలు చెబుతారు. రాసేవారు మారారు, వినోదం పాలు పెరిగింది, పాఠం పాలు తగ్గింది అన్న మామూలు వివరణే నాకు చాలు.

ఆ కొత్త సూత్రాన్ని అందరికంటే స్పష్టంగా చూపించింది 1975 నాటి ‘పిరమిడ్స్ ఆఫ్ మార్స్’. 1911లో ప్రపంచానికి ప్రమాదం వచ్చిపడితే, ‘నేను 1980 నుంచి వచ్చాను, అప్పటికి ప్రపంచం బాగానే ఉంది, కాబట్టి మనం వెళ్లిపోవచ్చు’ అని డాక్టర్ సహయాత్రికురాలు సారా అంటుంది. డాక్టర్ ఆమెను 1980కి తీసుకెళ్లి తలుపు తెరిచి చూపిస్తాడు. బయట బూడిదా గాలిదుమారమూ తప్ప ఏమీ లేదు. వారు వెనక్కి వెళ్లి పోరాడితేనే ఆమెకు తెలిసిన 1980 ఉంటుంది. ‘కథలో గతం తెలిసిపోయినప్పుడు ఉత్కంఠ ఎక్కడ ఉంటుంది?’ అనే ప్రశ్నకు ఆ కొద్ది నిమిషాల సన్నివేశం ఇచ్చినంత మంచి సమాధానం ఈ సీరియల్‌లో మరొకటి లేదు.

దీర్ఘ విరామం తర్వాత 2005లో సీరియల్ తిరిగి మొదలయ్యాక, పాత రెండు సూత్రాలనూ కలిపి మూడోది తయారుచేశారు. కొన్ని ఘట్టాలు కాలంలో స్థిరబిందువులు, వాటిని కదపకూడదు, మిగిలినవి మారవచ్చు. 2008లో వచ్చిన ‘ది ఫైర్స్ ఆఫ్ పాంపేయి’ దీన్ని కథగా మలిచింది. క్రీ.శ. 79లో రోమన్ నగరం పాంపేయిని కప్పేసిన వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలవకపోతే అంతకంటే పెద్ద విపత్తు వస్తుంది, బద్దలు కావాలంటే డాక్టరే మీట నొక్కాలి. అతని చేతి మీద సహయాత్రికురాలు డోనా తన చెయ్యి కూడా వేయడం ఆ కథకు ప్రాణం. అందరినీ కాపాడలేకపోతే ఒక్కరినైనా కాపాడమని ఆమె ఏడ్చి అడిగితే అతడు ఒక కుటుంబాన్ని వెంట తీసుకుపోతాడు. ఆ కుటుంబ పెద్ద సిసీలియస్ పేరు నిజమైన పాంపేయి వ్యాపారిది. అతని లావాదేవీల మైనపు పలకలు తవ్వకాల్లో దొరికాయి. ఆ పాత్ర వేసిన పీటర్ కపాల్డీ తర్వాత తానే డాక్టర్ పాత్ర వేశాడు. స్థిరబిందువు అన్న మాట శాస్త్రంలా వినిపించినా, ఏది స్థిరమో ఏది కాదో తేల్చేది ఆ వారం కథ రాసినవారే. దానికి కోప్పడనక్కరలేదు. తాతను మనవడు చంపితే మనవడు ఎలా పుడతాడన్న చిక్కుముడిని భౌతికశాస్త్రవేత్తలు కూడా ఒక్క తీరుగా విప్పలేదు. జరిగినదానికి విరుద్ధమైనది అసలు జరగనే జరగదని కొందరు, ప్రపంచం అక్కడ రెండుగా చీలుతుందని మరికొందరు అంటారు. ఈ సీరియల్ రెండు వాదాలనూ అవసరాన్ని బట్టి వాడుకుంది.

సూత్రాలు ఎన్నిసార్లు మారినా, మంచి కథల్లో ఒక సంగతి మారలేదు. యాత్రికుడికి పెద్ద సంఘటన మీద అధికారం ఉండదు, పక్కనున్న మనిషి పట్ల చేయవలసినది మాత్రం ఉంటుంది. ఆట్లాక్ నుంచి సిసీలియస్ కుటుంబం దాకా వచ్చిన ఆ వరుసలో నాకు అన్నిటికంటే బలంగా అనిపించే కథ మన ఉపఖండంలోనే జరుగుతుంది. వినయ్ పటేల్ రాసిన ‘డీమన్స్ ఆఫ్ ది పంజాబ్’ 2018 నవంబరు 11న ప్రసారమైంది. డాక్టర్‌తో ప్రయాణించే, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పెరిగిన యాజ్‌కు ఆమె అమ్మమ్మ ఉంబ్రీన్ ఒక పగిలిన గడియారం ఇస్తుంది, దాని కథ మాత్రం చెప్పదు. ఆ కథ వెతుక్కుంటూ వారు 1947 ఆగస్టు నాటి పంజాబుకు వెళ్తారు. అక్కడ యువతిగా ఉన్న ఉంబ్రీన్, ప్రేమ్ అనే హిందూ యువకుణ్ణి పెళ్లాడబోతోంది. యాజ్ తాత అతడు కాదు. దేశ విభజన హద్దుగీత ఆ పొలాల మీదుగానే పోతోంది, ప్రేమ్ తమ్ముడు మనీశ్ మనసు ద్వేషంతో నిండిపోయి ఉంది. హంతకులనుకున్న గ్రహాంతర జీవులు నిజానికి దిక్కులేని చావులకు సాక్షులుగా నిలిచి సంతాపం తెలిపేవారని మధ్యలో తేలుతుంది. కథ పేరులోని భూతాలు (డీమన్స్) బయటివారు కారని అప్పుడు అర్థమవుతుంది. ప్రేమ్ బతికితే యాజ్ పుట్టదు కనుక డాక్టర్ ఏమీ చేయకూడదు. చేయగలిగింది ఆ పెళ్లి జరిపించడం, అతణ్ణి గౌరవంగా చూడటం, అంతే. రేపు జరగబోయేది తెలిసిన మరో సహయాత్రికుడు గ్రాహం పెళ్లికి ముందు రాత్రి ప్రేమ్‌తో మాట్లాడే సన్నివేశం ఈ కాలపు ఎపిసోడ్లలో నాకు ఎంతో ఇష్టమైనది.

నిజ చరిత్రలో రాడ్‌క్లిఫ్ గీసిన హద్దులను స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు, ఆగస్టు 17న ప్రకటించారు. కోటికి పైగా ప్రజలు ఊళ్లు విడిచిపోయారు. మన తెలుగు ఇళ్లలో విభజన ఎక్కువగా పత్రికల్లో చదివిన సంగతి, హైదరాబాదు రాజ్యంలోని వారికి తమ సొంత కల్లోలం మరుసటి ఏడాది వచ్చింది. అందుచేత ఈ కథ చూపించే ముందు పిల్లలకు ఆ నేపథ్యం పది నిమిషాలు చెప్పవలసి ఉంటుంది. చిత్రీకరణ స్పెయిన్‌లో జరిగింది కనుక కొండలు పంజాబువిగా కనిపించకపోతే ఆశ్చర్యపోవద్దు.

మీ అమ్మాయికి ఏం చెప్పాలో అడిగారు కాబట్టి నాకు తోచినది చెబుతాను. ఆపాలనుకోవడం తప్పు కాదని ముందుగా ఒప్పుకోండి, ఎందుకంటే కథ కూడా బార్బరాను ప్రేమగానే చూస్తుంది. తర్వాత ఆ యువకుడు దూకిన సన్నివేశానికి మళ్లీ వెళ్లి, బార్బరా ఆ రోజు ఆజ్ఞ ఇవ్వకుండా ఇంకేం చేసి ఉండవచ్చో తననే అడగండి. అజ్టెక్ పాత్రలన్నీ రంగు పూసుకున్న బ్రిటిష్ నటులు వేసినవని, అది ఆ కాలపు అలవాటని కూడా చెప్పండి, పన్నెండేళ్ల పిల్లలు దాన్ని గమనించకుండా ఉండరు.

తర్వాత చూడవలసినవాటి విషయానికి వస్తే, ‘ది టైమ్ మెడ్లర్’ వెంటనే చూపించవచ్చు. కాకపోతే నలుపు తెలుపు కథలను ఒకే విడతలో ముగించకండి, వారానికొకటిగా చూడటానికి తీసినవి గనుక రోజుకొక భాగం చొప్పున చూస్తేనే ఆ ముగింపు మలుపులు పనిచేస్తాయి. పాంపేయి కథ ఆ తర్వాత. తండ్రి మరణం చుట్టూ తిరిగే 2005 నాటి ‘ఫాదర్స్ డే’నూ, ఆత్మహత్యతో ముగిసే 2009 నాటి ‘ది వాటర్స్ ఆఫ్ మార్స్’నూ ఇప్పుడే చూపించవద్దు, మీరు ముందు ఒంటరిగా చూసి, తను తట్టుకోగలదనుకున్నప్పుడు చూపించండి. పంజాబు కథను మాత్రం ఇంట్లో పెద్దవారెవరైనా ఉన్న రోజు చూడండి, అది చూశాక పిల్లలు అడిగే ప్రశ్నలు డాక్టర్ గురించి ఉండవు.